సీటీ నార్మల్ అన్నారు, మర్నాడు ఎమ్మారైలో స్ట్రోక్ అన్నారు. ఏది నమ్మాలి?

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లెటూరు. నాన్నకి 63 ఏళ్లు, కొబ్బరి తోట పని. మూడు వారాల కిందట రాత్రి పదింటికి బాగానే తిని పడుకున్నారు. తెల్లారగట్ల నాలుగున్నరకి లేచేసరికి మూతి ఓ పక్కకి పోయింది, కుడి చెయ్యి ఎత్తలేకపోతున్నారు. "ఏటీ అవనేదురా, సెయ్యి కింద పడి తిమ్మిరెక్కింది, పడుకుంటే సర్దుకుంటాది" అన్నారు. ఆర్‌ఎంపీ గారొచ్చి బీపీ ఎక్కువుందని నాలుక కింద మాత్ర పెట్టారు. ఏడున్నరకి టౌన్లో ఒక ఆసుపత్రిలో సీటీ తీశారు, నార్మల్ అని వచ్చింది. అక్కడి డాక్టరుగారు ఎమ్మారై డిఫ్యూజన్ తీయించమని, పెద్దాసుపత్రికి వెళ్లమని చెప్పారు. నార్మల్ వచ్చాక ఇంకో స్కాన్ ఎందుకని మా బావ అనడంతో ఇంటికి తెచ్చేశాం. సాయంత్రానికి మాట పూర్తిగా పడిపోయింది. మర్నాడు విశాఖలో ఎమ్మారై తీసి, ఎడమ మెదడులో స్ట్రోక్ అన్నారు. ముందు డిఫ్యూజన్ ఒక్కటే తీసి, తర్వాత మిగతావి తీశారు, అది సగం స్కానని బంధువులంటున్నారు. రిపోర్టు జతచేశాను. సీటీ తప్పు చెప్పిందా, లేక స్ట్రోక్ సీటీ తర్వాత వచ్చిందా? ఆ ఉదయమే ఎమ్మారై తీయించి ఉంటే నాన్న బాగుండేవారా? ఆయనకి క్రియాటినిన్ 2.1 ఉంది, స్కాన్ వల్ల కిడ్నీలు ఇంకా పాడవుతాయా? గడ్డ కరిగిందో లేదో చూడ్డానికి మళ్లీ ఎమ్మారై తీయించమంటున్నారు, తీయించాలా? ఇంకొక్కటి. మొన్న ఆదివారం మా బాబాయికి కూడా ఎడమ చెయ్యి పట్టు తప్పి, మాట ముద్దగా వచ్చి, పది నిమిషాల్లో బాగైపోయింది. భయపడాల్సింది లేదు కదా?
– పేరు వద్దన్న పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: నాన్నగారి గురించి వివరంగా చెబుతాను. అంతకంటే ముందు బాబాయి గారి సంగతి. ఇది చదవగానే ఆయన్ని బయల్దేరదీయండి. రేపు కాదు, ఈరోజే.

పది నిమిషాల్లో తగ్గిపోయింది కాబట్టి గండం గడిచినట్టేనని చాలా ఇళ్లలో అనుకుంటారు. మెదడుకి వెళ్లే నాళంలో చిన్న రక్తపు గడ్డ అడ్డుపడి, అది కరిగో జారో పోతే చెయ్యి మళ్లీ కదులుతుంది. కానీ ఆ గడ్డ పుట్టిన చోటు, అది మెడలోని నాళమైనా గుండె అయినా, అలాగే ఉంది. అసలు స్ట్రోక్ వచ్చే ముప్పు మొదటి రెండు రోజుల్లో అన్నిటికంటే ఎక్కువ, ఆ తర్వాత కొన్ని వారాల పాటు ఉంటుంది. ఆదివారం దాటి రోజులయ్యాయి కదా అని ఊరుకోవద్దు. ఇలా వచ్చి తగ్గిపోయినవాళ్లకి డిఫ్యూజన్ ఎమ్మారై తీస్తే, దాదాపు మూడో వంతు మందిలో చిన్న తెల్ల చుక్క దొరుకుతుంది. మనిషికి పైకి ఏమీ ఉండదు, మెదడులో మచ్చ పడి ఉంటుంది. అలా చుక్క దొరికినవాళ్లకి ముప్పు ఎక్కువ. ఆలస్యమైతే ఆ చుక్క మసకబారి, దొరికే ఆధారం కూడా పోవచ్చు. ఈసీజీ, మెడ నాళాల్లో రక్తం పారుదల చూసే డాప్లర్, షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలు కూడా చేస్తారు. ఈలోగా మీరే ఆస్పిరిన్ కొనుక్కొచ్చి వేయకండి. మెదడులో రక్తస్రావం లేదని స్కాన్లో చూశాక డాక్టరుగారే మొదలుపెడతారు.

ఇప్పుడు సీటీ విషయం. ఆ సీటీ అబద్ధం చెప్పలేదు. అడిగిన ప్రశ్నకి సరైన జవాబే ఇచ్చింది. స్ట్రోక్ అనుమానంతో వచ్చినవాళ్లకి సీటీ తీసేది ముఖ్యంగా ఒక్క విషయం తేల్చుకోవడానికి: మెదడులో రక్తం చిమ్మిందా లేదా? నాళం చిట్లి రక్తం చిమ్మితే సీటీలో తెల్లగా, వెంటనే కనిపిస్తుంది. నాళం మూసుకుపోయి వచ్చిన స్ట్రోకైతే మొదటి కొన్ని గంటల్లో సీటీలో పెద్దగా తేడా ఉండదు. బతికున్న మెదడు, చచ్చిపోతున్న మెదడు రెండూ ఒకే బూడిద రంగులో ఉంటాయి. మీ నాన్నగారికి నాలుగున్నరకే మూతి వంకర పోయింది, చెయ్యి పడిపోయింది. అంటే స్ట్రోక్ సీటీకి ముందే వచ్చింది. ఏడున్నరకి తీసిన సీటీ చెప్పింది 'రక్తస్రావం లేదు' అని మాత్రమే. చెయ్యి ఎత్తలేని మనిషి రిపోర్టులో నార్మల్ అని ఉంటే దాని అర్థం, ఇది గడ్డ వల్ల వచ్చిన స్ట్రోక్ కావచ్చు, త్వరపడండి అని. ఆ డాక్టరుగారు మీకు చెప్పిందీ అదే. ఆయన మిమ్మల్ని ఖర్చులోకి దింపాలని చెప్పలేదు.

మరి సీటీకి కనిపించనిది డిఫ్యూజన్‌కి ఎలా కనిపించింది? నేను రోజూ ఈ స్కాన్లు చదివే డాక్టర్ని కాబట్టి ఇది కొంచెం విడమరిచి చెప్పాలని ఉంది. ఇది అర్థమైతే మీ మిగతా ప్రశ్నలకి సగం జవాబు దొరుకుతుంది.

మెదడు కణాల మధ్య సన్నటి సందులుంటాయి, వాటిలో నీరుంటుంది. ఆ నీటి అణువులు ఒక చోట నిలవవు, ఎప్పుడూ అటూ ఇటూ చెదురుతూనే ఉంటాయి. ప్రతి కణం గోడలోనూ సోడియాన్ని బయటికి తోడిపోసే ఏర్పాటు ఉంది, దానికి నిరంతరం శక్తి కావాలి. రక్తం ఆగిన కొద్ది నిమిషాల్లోనే ఆ శక్తి అయిపోతుంది, తోడటం ఆగుతుంది. సోడియం లోపలికి వస్తుంది, దాని వెంట నీరూ వస్తుంది. కణం ఉబ్బుతుంది. డబ్బాలో నానబెట్టిన పెసలు ఉబ్బి, గింజకీ గింజకీ మధ్య ఖాళీ పూడుకుపోయినట్టు, అక్కడ నీరు కదలడానికి దారి ఉండదు. మెదడులో మొత్తం నీరు ఇంకా పెరగలేదు, బయటి నుంచి లోపలికి చోటు మారిందంతే. అందుకే సీటీకి, మామూలు ఎమ్మారై బొమ్మలకి మొదట్లో తేడా తెలియదు. నీటి కదలికని కొలిచే డిఫ్యూజన్‌కి మాత్రం తెలిసిపోతుంది.

కొలిచే పద్ధతి ఇదీ: మిషను అయస్కాంత క్షేత్రాన్ని ఒకసారి ఒక పక్కకి వంచి, ఒక్క క్షణం ఆగి, ఆ ప్రభావాన్ని రద్దు చేస్తుంది. ఆ మధ్యలో కదిలిపోయిన నీటికి రద్దు సరిగ్గా కుదరదు, దాని సిగ్నల్ తగ్గిపోతుంది. కదలలేక అక్కడే చిక్కుకున్న నీటి సిగ్నల్ నిలబడుతుంది. స్క్రీన్ మీద మెదడంతా బూడిద రంగులో, నడుమ నీటి గదులు నల్లగా ఉంటాయి. దెబ్బతిన్న చోటు మాత్రం దీపం వెలిగించినట్టు తెల్లగా ఉంటుంది. అయితే ఆ తెలుపు ఒక్కటీ చూసి మేం స్ట్రోక్ అని రాయం. పక్కనే ఏడీసీ అని ఇంకో బొమ్మ తెరుస్తాం, అది నీటి కదలికని నేరుగా లెక్కగట్టి వేసిన బొమ్మ. అదే చోట అక్కడ నల్లగా ఉండాలి. ఇక్కడ తెలుపు, అక్కడ నలుపు ఉంటే చాలావరకు కొత్త స్ట్రోకే. రెండింట్లోనూ తెల్లగా ఉంటే అది పాతది కావచ్చు, వేరే జబ్బూ కావచ్చు. షుగరు బాగా పడిపోయినా, చాలాసేపు ఫిట్స్ వచ్చినా, మెదడులో చీముగడ్డ ఉన్నా డిఫ్యూజన్ తెల్లబడుతుంది. అందుకే ఆసుపత్రిలో అడుగు పెట్టగానే వేలు గుచ్చి షుగరు చూస్తారు. స్కాన్ కంటే ముందు చూడాల్సింది అదే.

ఈ పద్ధతికి పునాది 1965లో స్టెజ్‌స్కాల్, టానర్ అనే శాస్త్రవేత్తలు వేశారు. 1980ల నడుమ పారిస్‌లో డెనీ లె బిహాన్ దాన్ని మెదడు బొమ్మల్లోకి తెచ్చారు. 1990లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మైకేల్ మోస్లీ బృందం పిల్లుల మెదడు నాళం మూసి చూస్తే, ముప్పావు గంటకే డిఫ్యూజన్‌లో తేడా వచ్చింది. మామూలు ఎమ్మారైలో అది కనిపించడానికి గంటలు పట్టింది. 2007లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో స్ట్రోక్ అనుమానంతో వచ్చిన 356 మందికి రెండు స్కాన్లూ తీశారు. నాళం మూసుకుపోయిన కొత్త స్ట్రోక్‌ని ఎమ్మారై 164 మందిలో పట్టుకుంది, సీటీ 35 మందిలోనే పట్టుకుంది.

ఇంత చెప్పాక చాలామంది వెంటనే అడిగేది, అలాగైతే సీటీ మానేసి నేరుగా ఎమ్మారైకే పోదామా అని. వద్దు. ఇది మీ ఊళ్లో అందరికీ చెప్పండి. లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయో తెలిసి, నాలుగున్నర గంటల్లోపు ఆసుపత్రికి చేరి, సీటీలో రక్తస్రావం లేకపోతే, గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి ఎమ్మారై అవసరం లేదు. సీటీ అయిన బల్ల మీదే మందు మొదలుపెట్టొచ్చు. అలాంటి మనిషిని ఎమ్మారై కోసం ఇంకో ఊరు తిప్పితే, స్కాన్ చక్కగా వస్తుంది, మెదడు పోతుంది. పెద్ద నాళంలో పెద్ద గడ్డ ఉంటే కాథెటర్ అనే సన్నటి గొట్టంతో లాగేసే చికిత్స ఉంది. దానికి మామూలుగా ఆరు గంటలు, స్కాన్ చూసి ఎంచుకున్న కొందరికి 24 గంటల దాకా గడువుంది.

డిఫ్యూజన్ నిజంగా ప్రాణం పోసే సందర్భం మీ నాన్నగారి లాంటిదే. పదింటికి బాగానే ఉన్నారు, నాలుగున్నరకి లేచారు, మధ్యలో ఎప్పుడు జరిగిందో ఎవరికీ తెలియదు. ఇలాంటప్పుడు డాక్టర్లు చివరిసారి బాగున్న సమయం నుంచే, అంటే రాత్రి పది నుంచే లెక్కపెడతారు. ఆ లెక్కన ఏడున్నరకి గడువు దాటిపోయినట్టే. ఇక్కడ ఎమ్మారై ఇంకో దారి చూపిస్తుంది. డిఫ్యూజన్‌లో తేడా నిమిషాల్లో వస్తుంది, ఫ్లెయిర్ అనే ఇంకో రకం బొమ్మలో రావడానికి సుమారు నాలుగున్నర గంటలు పడుతుంది. డిఫ్యూజన్ తెల్లగా ఉండి ఫ్లెయిర్ ఇంకా మామూలుగా ఉంటే, స్ట్రోక్ వచ్చి ఎక్కువసేపు కాలేదని అర్థం. యూరప్‌లో ఇలా ఎంచుకున్న 503 మంది మీద జరిపిన పరిశోధన 2018లో వెలువడింది. ఇంజెక్షన్ ఇచ్చినవాళ్లలో 53.3 శాతం మంది మూడు నెలలకి దాదాపు మామూలుగా ఉన్నారు, ఇవ్వనివాళ్లలో 41.8 శాతం. మెదడులో రక్తస్రావం మాత్రం ఇంజెక్షన్ ఇచ్చినవాళ్లలో కొంత ఎక్కువే వచ్చింది.

మరి ఆ ఉదయమే తీయించి ఉంటే? మీ మనసుని తొలిచేస్తున్న ప్రశ్న ఇదే అని ఉత్తరం చదివితే తెలుస్తోంది. నిజం చెప్పాలంటే, ఆ పూట ఫ్లెయిర్ ఎలా ఉండేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఆయనకి రాత్రి పదకొండింటికే వచ్చి ఉంటే ఇంజెక్షన్ కుదిరేది కాదు. నాలుగింటికి వచ్చి ఉంటే కుదిరే అవకాశం ఉండేది. మర్నాటి రిపోర్టులో ఫ్లెయిర్ మార్పు ఉందని రాశారు, కానీ అప్పటికి ఒక పగలు, ఒక రాత్రి గడిచాయి కాబట్టి దాన్నిబట్టి ముందురోజు గురించి ఏమీ తేలదు. ఇంటికి తేవడం వల్ల మాత్రం కొంత నష్టం జరిగింది. ఆసుపత్రిలో ఉంటే ఇంజెక్షన్ లేకపోయినా ఆస్పిరిన్ ఆ రోజే మొదలయ్యేది, బీపీని కనిపెట్టి ఉండేవారు, సాయంత్రం మాట పడిపోతున్నప్పుడు ఎవరో ఒకరు పక్కన ఉండేవారు. మీ బావగారిని తప్పుపట్టి మాటలు తెంచుకోకండి. నార్మల్ అని రాసున్న కాగితం చేతిలో ఉంటే ఎవరైనా అలాగే అనుకుంటారు, దాని అర్థం ఆయనకి ఎవరూ చెప్పలేదు.

నాలుక కింద మాత్ర విషయంలో మాత్రం గట్టిగానే చెప్పాలి. స్ట్రోక్ వచ్చినప్పుడు బీపీ పెరగడం మామూలే. నాళం మూసుకున్నచోట చుట్టుపక్కల మెదడు ఆ ఒత్తిడితోనే ఇంకా కొంత రక్తం అందుకుంటూ ఉంటుంది. దాన్ని ఒక్కసారిగా పడగొడితే ఆ కాస్తా అందదు. మీ ఆర్‌ఎంపీ గారు మంచి మనసుతోనే చేసి ఉంటారు. ఇకముందు ఎవరికైనా ఇలా వస్తే మాత్ర వేయొద్దని, నోట్లో నీళ్లు కూడా పోయొద్దని ఆయనతో మర్యాదగా చెప్పండి. మింగలేని మనిషికి పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

కిడ్నీల భయం గురించి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మీ ఉద్దానం ప్రాంతంలో ప్రతి ఇంట్లోనూ క్రియాటినిన్ అంకె నోటికొచ్చి ఉంటుంది, ఆ భయం నాకు తెలుసు. డిఫ్యూజన్‌కి ఏ ఇంజెక్షనూ అక్కర్లేదు. ఫ్లెయిర్‌కీ అక్కర్లేదు. మెదడు నాళాల్ని చూసే ఎమ్మార్ యాంజియో కూడా ఇంజెక్షన్ లేకుండా తీయొచ్చు. ఎమ్మారైలో కిడ్నీ రోగులకి జాగ్రత్త అవసరమైంది గడోలినియం అనే మందుకి. అది మీ నాన్నగారికి ఇవ్వలేదని మీరు పంపిన రిపోర్టులోనే ఉంది. సీటీ యాంజియోకి మాత్రం అయోడిన్ మందు కావాలి. అది అవసరమా కాదా అన్నది మెదడుకి ముప్పా కిడ్నీకి ముప్పా అని తూచి డాక్టరుగారే నిర్ణయిస్తారు. క్రియాటినిన్ అంకె మీరు ముందే చెప్పేయండి. ముందు 'బ్రెయిన్ డిఫ్యూజన్' ఒక్కటే తీసి తర్వాత మిగతావి తీశారని మీ బంధువులు సగం స్కాన్ అన్నారట. అది సగం కాదు. డిఫ్యూజన్‌కి పట్టేది ఒకటి రెండు నిమిషాలు, అత్యవసరంలో ముందు అదే తీయాలి. ఆ కాసేపూ మిషను పెద్దగా మోగుతుంది, బల్ల కూడా అదురుతుంది. తల కదిలితే బొమ్మ చెడుతుంది. అసలు ఆలస్యమంతా లోపలికి వెళ్లే ముందే జరుగుతుంది. వెండి మొలతాడు, రేకు తాయెత్తు, ఎన్నేళ్లగానో వేలికి పట్టేసిన ఉంగరం, అమ్మలకైతే మట్టెలు. దారిలోనే, బండిలో ఉండగానే తీసేయండి. గుండెలో పేస్‌మేకర్ ఉన్నా, వెల్డింగ్ పనిలో ఎప్పుడైనా కంట్లో ఇనప రవ్వ పడినా తప్పకుండా చెప్పండి.

డిఫ్యూజన్‌కీ ఒక లోపం ఉంది. కొత్త స్ట్రోక్ వచ్చినవాళ్లలో వందకి దాదాపు ఏడుగురికి మొదటి స్కాన్లో ఏమీ కనిపించదు. మెదడు కాండంలో, మెదడు వెనక భాగంలో వచ్చే చిన్న స్ట్రోకుల్లో ఇది ఎక్కువ. ఉన్నట్టుండి తల తిరిగి, నిలబడితే ఒక పక్కకి పడిపోతూ, ఒకటి రెండుగా కనిపిస్తూ ఉన్న మనిషికి డిఫ్యూజన్ నార్మల్ వచ్చినా ఇంటికి పంపకూడదు. బొమ్మ ఏం చెప్పినా మనిషిలో కనిపించే లక్షణానిదే పైచెయ్యి.

గడ్డ కరిగిందో చూడ్డానికి మళ్లీ ఎమ్మారై అన్నారు. ఇప్పుడు డిఫ్యూజన్ అవసరం లేదు. డిఫ్యూజన్‌లో కనిపించేది దెబ్బతిన్న మెదడు, గడ్డ కాదు. పైగా మొదటి వారం నల్లగా ఉన్న ఏడీసీ, పది రోజుల ప్రాంతంలో మామూలు రంగుకి వచ్చి, తర్వాత ఇంకా తెల్లబడుతుంది. మూడు వారాలకి తీసి 'తగ్గిపోయింది' అని ఎవరైనా అంటే అది బాగుపడినట్టు కాదు, పాతబడినట్టు. కొత్తగా ఏదైనా లక్షణం వస్తే తప్ప ఆ డబ్బు ఆ స్కాన్ మీద పెట్టకండి.

ఆ డబ్బు గుండె పరీక్షకి పెట్టండి. మీ నాన్నగారి రిపోర్టులో ఎడమ పక్క ఇన్సులా అనే భాగంలో, దానికి పైనున్న కార్టెక్స్‌లో, అంటే మెదడు పైపొరలో, మచ్చలున్నాయని రాశారు. లోపలి సన్న నాళం బీపీ వల్ల మూసుకుంటే లోతున ఒక్క చిన్న మచ్చే పడుతుంది. ఇలా పైపొరలో పడితే గడ్డ ఎక్కడి నుంచో కొట్టుకొచ్చి ఉండొచ్చు, మెడ నుంచైనా గుండె నుంచైనా. మెడ డాప్లర్ చేశారు, నాళం పెద్దగా సన్నబడలేదు. గుండె లయ తప్పుతోందేమో చూడ్డానికి ఒక్క ఈసీజీ మాత్రమే తీసినట్టుంది. లయ తప్పడం వచ్చి పోతూ ఉండొచ్చు, ఒక్క ఈసీజీకి దొరక్కపోవచ్చు. 24 గంటలు లేదా అంతకంటే ఎక్కువసేపు రికార్డు చేసే హోల్టర్ పెట్టించాలా అని ఈసారి డాక్టరుగారిని అడగండి. లయ తేడా దొరికితే ఆస్పిరిన్ చాలదు, మందే మారుతుంది. ఆయన కిడ్నీలకి సరిపడే మోతాదు కూడా చూడాలి.

సోంపేట నుంచి శ్రీకాకుళం రావాలంటే హైవే మీద వంద కిలోమీటర్ల పైమాటే, విశాఖకి దానికి రెట్టింపు. ఒడిశాలోని బరంపురం అంతకంటే చాలా దగ్గర. రాత్రిపూట కూడా సీటీ తీసి, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చే ఆసుపత్రి మీకు ఏ వైపు దగ్గరో ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కోండి. జిల్లా దాటినా, రాష్ట్రం దాటినా పర్లేదు. ఆ నంబరు ఇంట్లో గోడ మీద రాసి పెట్టండి. 108కి ఫోన్ చేసినప్పుడు 'చివరిసారి ఇన్ని గంటలకి బాగున్నారు' అన్న మాట మొదటే చెప్పండి. విశాఖలో ఇచ్చిన సీడీని జాగ్రత్త చేయండి, ఫిల్ముల్లో అన్ని బొమ్మలూ ఉండవు.

నాన్నగారి మాట కోసం స్పీచ్ థెరపీ గురించి అడగండి. మొదటి కొన్ని నెలల్లోనే మాట ఎక్కువగా తిరిగి వస్తుంది, అందుకే వాయిదా వేయొద్దు. రిపోర్టునిబట్టి చూస్తే ఆయనకి మీరు చెప్పేది చాలావరకు అర్థమవుతూ ఉండొచ్చు, జవాబు పలకడమే కష్టమవుతుంది. అవును, కాదు అని తల ఊపితే సరిపోయే ప్రశ్నలు అడగండి, జవాబు వచ్చేదాకా ఆగండి, ఆయన తరఫున మీరే మాట పూర్తి చేసేయకండి.